మంచు కింది నీళ్లు

తవ్వుతున్నది తన తండ్రి సమాధి అని, ఆ ఎండలో చేరిన మనుషుల్లో కదిరప్పకు తప్ప ఇంకెవరికీ తెలియదు. అది కదిరప్ప భార్య హనుమక్కదని వాళ్ల నమ్మకం. గడ్డపార పడినప్పుడల్లా నేల బండలాగా మోగుతోంది. మూడేళ్లుగా తడి ఎరుగని గరుసు మన్ను. పార వేస్తున్నది పాపన్న, హనుమక్క చంకలో పెరిగిన తమ్ముడు. కదిరప్ప తుమ్మచెట్టు కింద గొంతుక్కూర్చుని నరసింహా నరసింహా అనుకుంటున్నాడు. ఆకు రాలిన తుమ్మకు నీడ ఎక్కడిది, గీతలు గీతలుగా ఎండే పడుతోంది మోకాళ్ల మీద. నాయనా నీకు తగులుతోందా, తగిలినా చెప్పే మనిషివి కాదు నువ్వు, బావి తవ్వుతుంటే రాయి పడి కాలు విరిగిన నాడు కూడా చీమ కుట్టిందన్నావు, ఇంకాసేపు ఓర్చుకో, హనుమక్కను మాత్రం లేపొద్దు, నీ పక్కనే బారెడు దూరంలో పడుకుని ఉంది, ఈ చప్పుడుకు లేస్తుందేమో, నిద్ర పలచన మనిషి.

తొన్ను తెల్లమచ్చలు ఉన్నవాళ్లను పూడిస్తే ఆ నేల మీదికి వాన మోడం దిగదని, తవ్వి తీసి కాలిస్తే తప్ప వాన రాదని గుమ్మఘట్ట చుట్టుపక్కల చాలామంది నమ్ముతారు. కదిరప్ప కూడా కాదన్నవాడు కాదు. నిప్పు కాలుతుందన్నట్టే ఇదీ ఒకటి అనుకున్నాడు, హనుమక్క చేతివేళ్ల మీద మొదటి మచ్చలు చూసేదాకా. అవి వేళ్ల నుంచి మణికట్టుకు, మణికట్టు నుంచి మోచేతికి పాకాయి. చివరికి తెలుపే ఎక్కువై, పాత రంగు సన్నని చారలుగా మిగిలింది. ఎండకు ఆ తెల్లచోట్లు కమిలి పొంగేవి. కలుపుకు పోయేటప్పుడు పాత పంచె చింపి చేతులకు చుట్టుకునేది, సాయంత్రం విప్పితే గుడ్డకు తోలు అంటుకుని వచ్చేది. మూడేళ్ల కిందట, చివరి జ్వరంలో ఒకటే మాట అంది. "నన్ను కాల్చొద్దు. బతికినన్ని దినాలూ కాలినా. మన్నులో సల్లగ పండుకుంటా." సరే అన్నాడు. పెళ్లైనప్పటి నుంచి ఆమె అడిగినవి తక్కువ, ఆయన ఇచ్చినవి ఇంకా తక్కువ, ఈ ఒక్కటీ ఇచ్చాడు. ఊరు ఇళ్ల ముందే నిలబడి చూసింది, వంక దాటి రాలేదు. మోసింది తనూ, బెంగళూరుకు కూలికి పోతూ ఆగిన ముగ్గురు పరాయి మనుషులూ. పాపన్న కూడా రాలేదు. అందుకే ఆమె ఎక్కడుందో ఈ రోజు ఎవరికీ సరిగా తెలియదు. గుర్తల్లా తలాపున ఆయన నాటిన రాయి ఒక్కటే. ఊళ్లో ఆమెను తవ్వి తీయాలన్న మాట పుట్టిన మర్నాడు తెల్లారుజామునే పోయి ఆ రాయి పీకి నాయన తలాపున నాటి వచ్చాడు. నాయన రాయిని ఎప్పుడో ఎవరో గోడలో పెట్టుకోవడానికి ఎత్తుకుపోయారు. ఆ దొంగ ఎవరో గానీ చల్లగా ఉండాలి అనుకున్నాడు ఆ పొద్దు, రాయి చుట్టూ మట్టి తొక్కుతూ.

"మనసు కష్టపెట్టుకోవద్దప్పా కదిరప్పా," అన్నాడు రంగన్న. ఊరికి పెద్ద. రెండుసార్లు విత్తిన చెనక్కాయ రెండుసార్లూ మాడిపోయి, జత ఎద్దులను కోతకు అమ్ముకున్న మనిషి, అందుకని ఆయన గొంతులో కోపం లేదు, తొందర ఉంది. "నీ పెండ్లాం మింద మాకేం పగ లేదు. బతికినప్పుడు బంగారట్ల మనిషి. సచ్చినాకనే మాకు అడ్డం పడింది."

కదిరప్ప తల ఊపాడు. కళ్లలోకి చెమట దిగి మండితే పైపంచెతో తుడుచుకున్నాడు.

"మామ యేడుస్తాండాడు, చెరువుకు కాలవ తీయండన్నా!" అన్నాడు గుంట ఒడ్డున కూర్చున్న ఒక పడుచువాడు.

"ఆ నీళ్లకు పంపుసెట్టు పెడితే ఎకరా పారుతాదిలే," అన్నాడు ఇంకొకడు.

అందరూ నవ్వారు. రంగన్న కూడా నవ్వాడు, నవ్వి, "గమ్మునుండండిరా, సావు కాడ ఏం నవ్వులు," అన్నాడు.

నీళ్లు అనే మాట చెవిన పడితే చాలు, కదిరప్ప మనసు ఒకే సాయంత్రానికి పోతుంది. ఇప్పుడూ పోయింది, పార చప్పుడు వెనకే నడిచి పోయింది. నాయన నులకమంచం మీద, హనుమక్క విత్తనానికి కాయలు ఒలుస్తూ, గూట్లో ట్రాన్సిస్టరు. పాడిపంటల ముచ్చట్లు అయిపోయి ఎవరో పెద్దాయన మాట్లాడుతున్నాడు, గురుగ్రహం దాకా ఒక యంత్రాన్ని పంపారని, అది బొమ్మలు తీసి పంపిందని. మనకు ఒక్క చందమామ, గురుడికి ఎన్నో చందమామలట. వాటిలో ఒకటి మంచు కప్పుకుని తెల్లగా ఉందట, ఆ తెలుపు మీద గోధుమరంగు చారలు పగుళ్లలాగా పాకి ఉన్నాయట, ఆ మంచు కింద భూమ్మీద ఎక్కడా లేనంత లోతు సముద్రం ఉండవచ్చునట. వింటూనే కదిరప్ప చూపు హనుమక్క చేతుల మీదికి పోయింది. ఆమె గమనించి కొంగు కప్పుకుంది. అలా చూసినందుకు కాదు, ఆమె తప్పుగా అనుకుందే అని ఆయన బాధ, నేను చూసింది వేరేలే, నీ చేతి లాంటి చందమామ ఒకటి దేవుడి దగ్గర ఉందని చూశాను, అని చెప్పాలనుకున్నాడు, మాట కుదరలేదు.

"ఆ నీళ్లు ఎంత లోతుకుండాయంటరా?" అని అడిగాడు నాయన, బతుకంతా బావి లోతు చేయడంలోనే అరగదీసిన మనిషి.

"పైన మంచే మైళ్లు మందం ఉండచ్చంట నాయనా."

"అట్లైతే మన బాయే నయం," అని నాయన బోసినోటితో నవ్వాడు. "అమ్మీ హనుమక్కా, ఆ నీళ్లు వచ్చేలోపల ఈ నీళ్లు గిన్నెడు ఇయ్యి." ఆమె ఇచ్చింది. ఆయన తాగాడు. కదిరప్పను తీసేస్తే ఊళ్లో ఆమె చేతి నీళ్లు తాగిన మనిషి ఆయనొక్కడే, తాగి ప్రతిసారీ గట్టిగా గొంతు చప్పుడు చేసేవాడు, వీధిలోకి వినపడేలాగా.

నీళ్లున్న చోట ప్రాణం ఉండవచ్చు, అని కూడా అన్నాడు రేడియో ఆయన. హనుమక్క ఒలుస్తున్న చేయి ఆపింది. మనుషులుంటారా అంది. మనుషులు కాదంట, కంటికానని పురుగుల్లాంటివి ఉంటే ఉండచ్చంట, ఎండ చొరబడని చీకట్లో, అని కదిరప్ప విన్నది విన్నట్టు చెప్పాడు. "వాటికి కండ్లుండవా?" "చీకట్లో కండ్లెందుకు?" ఆమె ఇంకొక గుప్పెడు కాయలు ఒలిచింది, తరువాత నెమ్మదిగా, వంట సంగతి మాట్లాడినట్టు, "అట్లైతే నేను ఆడికి పోతా. ముందుగా నేనే తోడుకుంటా," అంది.

ఇంటికి నాలుగు బారల దూరంలోనే బోరింగు ఉండేది. ఎప్పుడూ ఆమె వంతు ఆఖరు. అందరూ పట్టుకుని పోయాక, పంపు నాలుగు దెబ్బలకు ఒక దోసెడు ఎర్రనీళ్లు కక్కే వేళకు ఆమె బిందె కింద పెట్టేది. ఆమె వచ్చేశాక ఎవరో ఒకరు ఆ పిడిని చింతపండుతో, మన్నుతో తోమేవాళ్లు. ఒకసారి గంగక్క అనే ఆవిడ తోముతూ తోముతూ, "పిడి బాగ తెల్లగైంది, హనుమక్క మాదిరి," అంటే వరుసలో ఉన్న ఆడవాళ్లంతా నవ్వారు, హనుమక్క కూడా నవ్వింది, నవ్వకపోతే మరునాడు ఆ దోసెడు కూడా ఉండదు. ఆ నవ్వు తలచుకుని కదిరప్ప ఇప్పుడూ దేవుడిని అడిగాడు. స్వామీ, తాగే గొంతు లేని చోట అన్ని నీళ్లు ఎందుకు పెట్టావు, పెట్టావు పో, పెట్టి మళ్లీ మైళ్ల మందం మంచు మూత ఎందుకు వేశావు, ఎవరు దొంగిలిస్తారని. తప్పు తప్పు అని వెంటనే చెంపలు వేసుకున్నాడు. ఆయన లీల మనకు తెలుస్తుందా. తెలియదు గనకనే కదా అడగడం. అడిగితే పాపమా. ప్రహ్లాదుడిని అడగనిచ్చినవాడు నన్నెందుకు అడగనివ్వడు.

మచ్చలు మొదలైన ఏడు రాయదుర్గం పోయి నవగ్రహాల చుట్టూ తిరిగారు ఇద్దరూ. గురుడికి శనగలు, శనికి నువ్వులనూనె, అంగారకుడికి కందులు. పంతులు గారు గ్రహదోషం అన్నాడు, దూరంగా నిలబడమన్నాడు, ప్రసాదం ఆకులో పెట్టి నేలమీద ఉంచాడు. ఆ రోజు గురుడి దగ్గర అంత సముద్రం ఉందని వాళ్లకు తెలియదు. శని చుట్టూ ఉన్న వలయాలు కూడా చాలావరకు మంచుగడ్డలేనని ఆ తరువాత ఇంకొకసారి రేడియోలో విన్నాడు. మెడలో మంచుదండ వేసుకున్న దేవుడికి మనం నూనె పోశామే హనుమక్కా అంటే, "ఆయనకేం దాహం, ఆయనకుండాయి," అని ముఖం తిప్పుకుంది. తోకచుక్క కూడా మంచుముద్దేనట. మొన్న ఒక తోకచుక్క వచ్చింది గనకనే కరువు ముదిరిందని ఊళ్లో అన్నారు. అది దూరంగా పోయింది, దాన్ని పట్టి తెచ్చి కాల్చలేరు, హనుమక్క అయితే చేతికందే దూరంలో ఉంది.

అంగారకుడి సంగతి మరీ వింత. అక్కడ వంకలున్నాయట, వాగులున్నాయట, ఎప్పుడో నీళ్లు కోసుకుంటూ పారిన జాడలున్నాయట, చుక్క మాత్రం పారడం లేదట. మన వేదవతి ఏరు లాగానే అనుకున్నాడు అప్పుడు, ఇసుక తప్ప ఏమీ లేదు, దాటేటప్పుడు అలవాటుగా పంచె ఎత్తి కట్టుకోవడం తప్ప. ఆ గ్రహం మీద ఎవరిని పూడ్చారు. ఎవరి మచ్చలకు ఆ మోడాలు దిగలేదు. ఈ ప్రశ్న ఆయన లోపల చాలా రోజులుగా తిరుగుతోంది, ఇప్పుడు ఎండ తలకెక్కిందో ఏమో, నాలుక మీదికి వచ్చేసింది.

"రంగన్నా, అంగారకుడని ఒక గ్రహం ఉండాది కదా. ఆడ గూడా వంకలన్నీ ఎండిపోయినాయంట."

"ఎండనీ."

"ఆడ మనుషులే లేరంటప్పా. మరి ఆడ ఎవరికి తొన్నుండె?"

రంగన్న ఆయన వంక కాసేపు జాలిగా చూశాడు. "ఆడి కరువు ఆడోళ్లు చూసుకుంటారు. నువ్వు ఈడ కూకో, తలకు గుడ్డ చుట్టుకో, ఎండ పడితే సచ్చిపోతావు. నిన్ను గూడా పూడ్చాలంటే ఎవరికి శాత కాదు."

మళ్లీ నవ్వులు. నవ్వులు ఆగేలోపల పార చప్పుడు మారింది. బండ మీద పడే చప్పుడు కాదు, ఎండు కట్టె మీద పడ్డట్టు మెత్తగా, బోలుగా. పాపన్న వంగి చేతులతో మట్టి తోడాడు. కదిరప్ప కళ్లు మూసుకోలేదు. నాయన పుర్రె ఎండలోకి వచ్చింది, మట్టి కారుతూ, ఎవరో పిలిస్తే తల ఎత్తినట్టుగా. ఎంత తెల్లగా ఉన్నావు నాయనా, నీకు ఒక్క మచ్చ లేదు బతికినప్పుడు, లోపల అందరమూ ఇదే రంగు అన్నమాట, ఆమెకు కాస్త ముందుగా పైకి వచ్చింది, అంతే.

పాపన్న దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని తిప్పి చూస్తున్నాడు. "బావా," అన్నాడు. "మా అక్కకు పండ్లు వరసగా ఉండె. ఈడ ఒక్కటీ లేదే."

పైన మోడం లేని ఆకాశం. ఎక్కడో కాకి. అబద్ధం ఆడవలసి వస్తే తడబడతానని ఇన్నాళ్లూ అనుకున్నాడు, అది నిజం కంటే నున్నగా వచ్చింది. "కడాకు అన్నీ రాలిపాయ, పాపన్నా. జొరంలో. నువ్వు చూసేకి రాకపోతివి కదా."

పాపన్న తల దించుకున్నాడు. పుర్రెను గోనెసంచిలో పెట్టాడు, పెట్టేటప్పుడు అది సంచి అంచుకు తగిలింది, "అక్కా తప్పాయ," అని గొణిగాడు. నీ అక్క కాదురా అది, నిన్ను భుజాన ఎక్కించుకుని పెళ్లిలో ఊరంతా తిప్పిన మా నాయన, అని కదిరప్ప లోపల ఒక మనిషి అరుస్తున్నాడు, బయట మనిషి మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. ఒక్కొక్కటే తీశారు. విరిగి వంకరగా అతికిన కాలి ఎముక కూడా వచ్చింది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. జాలి ముళ్లకంపా, పాత టైరు ముక్కా పేర్చి, కిరసనాయిలు పోశారు. భర్తే పెట్టాలన్నారు నిప్పు. పెట్టాడు. కొడుకు చేయే కదా నాయనా, తప్పేమీ లేదు, కొడుకు పెట్టేది కొరివే కదా, మన ఇంట్లో పూడ్చే ఆచారమే గానీ కాల్చినవాళ్లంతా నరకానికి పోయారా, నువ్వు సర్లే పోరా అంటావు, నాకు తెలుసు, ఆమె గిన్నె అందుకున్నట్టే ఇదీ అందుకుంటావు. నల్లటి పొగ లేచి గాలి లేక అక్కడే నిలబడింది. టైరు వాసన.

"మొక్కుకో కదిరప్పా, వాన రావల్లని," అన్నాడు రంగన్న. "నువ్వు భజన చేసే మనిషివి. నీ మాట స్వామి వింటాడు."

చేతులు జోడించాడు. వాన రావాలని మొక్కితే, వస్తే, హనుమక్కే ఆపిందని రుజువు అయిపోతుంది, పిల్లల పిల్లల దాకా ఆమె పేరు చెప్పి ఉమ్ముతారు. రావద్దని మొక్కితే, ఆ దూడలు, ఆ బోరింగు ముందు బిందెలు, రంగన్న మాడిన చేను, వాళ్ల పిల్లల డొక్కలు, ఆ పాపం మోయలేడు, పైగా రాకపోతే మళ్లీ వస్తారు పారలు పట్టుకుని. ఏది అడిగినా ఆమెకే దెబ్బ. జన్మలో మొదటిసారి దేవుడి ముందు నిలబడి ఆయనకు అడగడానికి ఏమీ దొరకలేదు. స్వామీ, గురుడి చందమామ కింద ఎవరూ తాగని ఆ నీళ్లలో ఒక్క బిందె, అని మొదలుపెట్టాడు, తరువాత ఏమనాలో తెలియక ఆపేశాడు. ఆ చీకటి నీళ్లలో కండ్లు లేని ఆ ప్రాణులు ఉంటే బాగుండునని ఆయనకు ఎప్పుడూ ఉండేది, ఎవరూ లేకుండా అంత సముద్రం ఏం చేసుకోవడం అని. ఈ మధ్యాహ్నం, మనుషులు లేని ఆ చోటికే పోతానన్న హనుమక్క మాటే సరి అనిపించింది. ఎవరూ ఉండకూడదు. ఒక్క ప్రాణి ఉన్నా ఇంకొక ప్రాణిని వరుసలో ఆఖరున నిలబెడుతుంది.

పొగ కదిలింది. ముందు అది కదిలాకే గాలి తెలిసింది. బళ్లారి దిక్కు నుంచి ఒక బూడిదరంగు మోడం, కంబళి చింపు అంతది, వంక మీదికి వచ్చింది. ఒక చినుకు పడి దుమ్ములో గుంట చేసింది. ఇంకొకటి. కదిరప్ప చేతిమీద ఒకటి పడింది, వేడిగా ఉంది. నిప్పు మీద పడ్డవి చుయ్‌మన్నాయి. పడుచువాళ్లు ఈలలు వేశారు, ఒకడు పైపంచె తలమీద తిప్పుతూ గెంతాడు, రంగన్న నేలమీద పడి దండం పెట్టి లేచేసరికి ఆయన నుదుటి మీద పొడి దుమ్మే ఉంది. వాన ఆగిపోయింది. మోడం అలాగే తూర్పుకు జరిగి పోయింది, పడిన గుంటలు చూస్తుండగానే ఆరిపోయాయి.

అప్పుడు రంగన్న, తనలో తాను లెక్క వేసుకున్న మనిషిలాగా, "పడింది కదా. అందరూ చూస్తిరి కదా. అంటే వానకు అడ్డం ఈ యమ్మే," అన్నాడు. "పడి ఎందుకు నిలిచిపాయ? ఏదో మిగిలిపోయింది. యాడనో ఒక ఎముక ఉండాది ఇంకా మన్నులో. పాపన్నా, గుంత వెడల్పు చెయ్యి. అటుపక్క, ఇటుపక్క."

పాపన్న గుంటలోకి దిగాడు, చుట్టూ చూశాడు. ఎడమ పక్క పెద్ద బండ అడ్డం ఉంది. కుడి పక్కకు తిరిగాడు. కదిరప్ప తనకు తాను చెప్పుకున్నాడు, అటు చూడొద్దు, ఎటైనా చూడు, మోడం పోయిన దిక్కు చూడు, వాళ్లు జానెడు తవ్వి అలిసిపోతారు, ఎండ ఎక్కువగా ఉంది, వాళ్లకు నీళ్లు లేవు, మూరెడు తవ్వి ఆపేస్తారు, ఆమె లోతుగా ఉంది, ఆ ముగ్గురు పరాయి మనుషులు మంచివాళ్లు, లోతుగానే తవ్వారు, గమ్మునుండు, గమ్మునుంటే చాలు, నరసింహా నరసింహా, పెదవులు కూడా కదపొద్దు. పాపన్న అరచేతుల్లో ఉమ్మి వేసుకున్నాడు. గడ్డపార భుజం మీదికి లేచింది. దాని మొన ఎక్కడ పడుతుందో కదిరప్పకు తెలిసింది, సరిగ్గా ఎక్కడో, ఆమె చేతులు రెండూ కలిపి తాను కట్టిన చోట.

"ఆడ కాదు పాపన్నా!"

గడ్డపార పైనే ఆగింది. తాను లేచి నిలబడి ఉన్నానని, చేయి చాచి ఉన్నానని కదిరప్పకు అప్పుడు తెలిసింది. పాపన్న బావ ముఖం చూశాడు. ఆ చాచిన చేయి చూశాడు. అది చూపుతున్న మన్ను చూశాడు. పడుచువాళ్లు నవ్వలేదు.

రంగన్న నెమ్మదిగా నడిచి వచ్చి గుంట అంచున నిలబడ్డాడు. కాలిబొటనవేలితో కుడి పక్క నేల మీద గీత గీశాడు.

"ఈడే తవ్వు," అన్నాడు.